నాయనమ్మను గుంటా అని పిలిచే పిల్ల

నా మనవరాలికి ఆరేళ్ళు. వాళ్ళ నాయనమ్మను అది "గుంటా" అని పిలుస్తుంది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. అరవై దాటి పళ్ళు సగం ఊడిన మనిషిని గుమ్మంలో నిలబడి "గుంటా, బేగి రాయే, బువ్వ సల్లారిపోతంది" అని కేకేస్తుంది. ఆవిడ చేతిలో పని వదిలేసి "వత్తన్నానమ్మా" అంటూ వస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు ముద్దుకు పిలుచుకుంటున్నారనుకుని నవ్వుతారు. నేనూ నవ్వాను. ముద్దు కాదని తెలిశాక నవ్వడం మానేశాను.

నన్ను "కాదమ్మమ్మ" అంటుంది. అది ఏమడిగినా నేను మొదట కాదు అంటానట. చింతచెట్టు మీద ఉన్నది దెయ్యమా అంటే కాదు. పిల్లి ఎదురొస్తే అపశకునమా అంటే కాదు. బతుకంతా వ్యాసాల్లోనూ వేదికల మీదా ఆ ఒక్క మాటనే రకరకాలుగా చెబుతూ వచ్చినదాన్ని. నాకు కప్పిన ఏ శాలువా కన్నా ఆ పేరే గౌరవంగా తోచింది.

మా అమ్మాయి అరకు లోయ పైన ఒక కొండ ఊళ్ళో టీచరు. ఆ ఊరి గిరిజనుణ్ణే పెళ్ళి చేసుకుంది. అల్లుడికి కాఫీ తోట ఉంది, నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలున్నాయి. కులం గోడలు కూలాలని సభల్లో అరిచిన నేను, మా ఇంటి గోడే ముందు కూలినందుకు సంబరపడ్డాను. పిల్ల పుట్టినప్పుడు వెళ్ళి అక్కడే ఉన్నాను. అప్పుడు జరిగిన తంతు కళ్ళారా చూశాను.

చనిపోయిన పెద్దలు మళ్ళీ ఆ ఇంట్లోనే బిడ్డలై పుడతారని వాళ్ళ నమ్మకం. ఎవరు తిరిగొచ్చారో తేల్చడానికి దిసారి వస్తాడు. దిసారి అంటే ఆ ఊళ్ళకు ముహూర్తాలు పెట్టే పెద్ద, పూజలు చేసేదీ అతనే. నీళ్ళ గిన్నెలో ఒక బియ్యపు గింజ వేస్తాడు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ, పేరుకొక గింజ వదులుతాడు. ఏ పేరుకు వదిలిన గింజ అడుగున ఉన్న మొదటి గింజను ఆనుకుంటే, ఆ మనిషే తిరిగొచ్చినట్టు. ఆ రోజు ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ అయిపోయినా గింజలు ఆనుకోలేదు. అప్పుడు మా వియ్యపురాలు లేచి దిసారి చెవిలో తన కన్నతల్లి పేరు చెప్పింది. గింజలు కలిశాయి. ఆవిడ పసిగుడ్డు పాదాల మీద తల పెట్టి ఏడ్చింది.

గిన్నె సన్నబడుతూ అడుగుకు దిగితే, గింజలు పెరిగేకొద్దీ ఏదో ఒకటి మొదటిదాన్ని ఆనుకోక ఏం చేస్తుంది? అల్లుడితో ఆ మాటే అన్నాను. అతను తల గోక్కుని, "గిన్నె అలాగే ఉంటాదండి అత్తయ్యా, మా ఇంట్లో అదొక్కటే గిన్నె" అన్నాడు.

ఇక ఆనాటి నుంచి ఆ ఇంట్లో వరసలు తిరగబడ్డాయి. మనవరాలు నాయనమ్మకు తల్లి. నాయనమ్మ దాన్ని "అమ్మా" అంటుంది, పేరు పెట్టి పిలవదు. దానికి పెట్టకుండా తినదు. సంతకు వెళ్ళాలంటే దాన్ని అడిగి వెళుతుంది. తల్లి మాటకు ఎదురు చెప్పకూడదు గనక పిల్ల ఏం చెప్పినా చేస్తుంది. కోపమొస్తే పిల్ల వాళ్ళ నాన్నను కూడా "ఒరే మనవడా" అంటుంది. వియ్యంకుడు బతికుండగా ఆయన్ని "అల్లుడా" అనేది. మాటలు సరిగ్గా రాని వయసులో "అల్లూ, అల్లూ" అని దేకుతూ పోతుంటే, ఆయన కల్లు మత్తులో ఉన్నా సరే తువ్వాలు భుజం మీంచి తీసి, అత్తగారి ముందు నిలబడ్డట్టు వినయంగా నిలబడేవాడు. చుట్టూ అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆయన పోయిన తీరు చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. కామెర్లు ముదిరాక కొండ దించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడే పోయాడు. తలుపులు మూసిన వ్యానులో శవాన్ని తెచ్చారు. ఊరి బయట చనిపోయినవాళ్ళను తెచ్చేటప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా దారి పొడుగునా పిలుస్తూ రావాలి. ప్రతి మలుపు దగ్గరా, ప్రతి గెడ్డ దగ్గరా. గెడ్డ అంటే కొండవాగు. పిలవకపోతే ప్రాణం దారి తప్పి అవతలి గట్టునే ఉండిపోతుందని వాళ్ళ భయం. వ్యానులో అల్లుడు ఒక్కడే ఉన్నాడు, ముందు సీట్లో. పిలవలేదు. ఆ తరవాత ఆ కుటుంబంలో పుట్టిన ఏ బిడ్డకూ ఆయన పేరు మీద గింజలు కలవలేదు. వియ్యపురాలు ఆ మాట ఎవరినీ దెప్పడానికి అనేది కాదు. "మా ముసిలోడు గెడ్డ అవతలే ఉండిపోనాడు వదినా" అనేది, బస్సు దొరక్క ఆగిపోయిన మనిషి గురించి చెప్పినట్టు.

మొన్న చలికాలం, కాఫీ పళ్ళు కోసే రోజుల్లో నేను వెళ్ళేసరికి ఆవిడ మంచంలో ఉంది. తోటలో వెదురు నరికిన మోడు అరికాల్లో దిగిందట. ఆకు పసరు పోసి గుడ్డ కట్టుకుని పనికి పోతూనే ఉంది. ఒంట్లో షుగరు ఉందని ఆశా కార్యకర్త ఎప్పుడో చెప్పింది, బిళ్ళలు ఇచ్చింది. అవి తాటాకు బుట్టలో అలాగే ఉన్నాయి. నేను గుడ్డ విప్పి చూశాను. రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఎరుపు చీలమండ దాటి పైకి ఎక్కుతోంది. వాసన గది నిండా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

ఆశా కార్యకర్త పొద్దున్నే వచ్చి చూసి, "ఇవాళ దింపకపోతే కాలు పోద్ది. రేపటికి మనిసే ఉండదు" అని మా అమ్మాయికి చెప్పింది. కింద రోడ్డు దగ్గరికి జీపును రమ్మని ఫోను చేసింది. అల్లుడు డోలీ కట్టాడు. కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి ఇద్దరు మోసే ఆ డోలీ తప్ప ఆ ఊరి నుంచి రోడ్డు దాకా నడవలేని మనిషికి ఇంకో దారి లేదు. ఇన్ని ప్రభుత్వాలు వచ్చి పోయినా ఆ గెడ్డ మీద వంతెన రాలేదు. ఆ కోపం వేరే వ్యాసానికి దాచుకున్నాను.

ఆవిడ లేవనంది.

"నానెల్లను. సచ్చినా ఇక్కడే సత్తాను."

"వదినా, చావడం గురించి కాదు, బతకడానికే వెళ్ళమంటున్నాం," అన్నాను.

"మా ముసిలోడికీ అదే సెప్పినారు."

నాకు తెలిసిన వాదాలన్నీ చెప్పాను. కుళ్ళు రక్తంలోకి ఎలా పాకుతుందో, మందు ఎలా ఆపుతుందో చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, "నువ్వు సెప్తే మీటింగుల్లో సప్పట్లు కొడతారంట కదా. నా కాలికి సప్పట్లు కొట్టడం రాదు వదినా" అంది. డోలీ మోయడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నవ్వు ఆపుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మీ ఆయన కిందికి వెళ్ళినందుకు పోలేదు. ఆలస్యంగా వెళ్ళినందుకు పోయాడు," అన్నాను.

అది నిజమే. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.  కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు. ఎత్తి డోలీలో వేద్దామని చూస్తే మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని అరిచింది. ఆ అరుపుకు మోసేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఇష్టం లేని మనిషిని కట్టి మోసుకెళ్ళి, దారిలో ఏమైనా అయితే ఆ పాపం మాకొద్దన్నారు.

అప్పుడు మా అమ్మాయి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. "పాప చెబితే వెళుతుందమ్మా," అంది.

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. వచ్చేలోపే నా జవాబు సిద్ధంగా ఉంది. "కాదు."

"మూఢనమ్మకమనేనా? కాలు కుళ్ళిపోతుంటే సిద్ధాంతం చూసుకుంటావా?"

"సిద్ధాంతం కాదు. ఆవిడ ఈ స్థితిలో ఆసుపత్రికి చేరినా బతుకుతుందని రాసిస్తావా? అక్కడ ప్రాణం పోతే? ఆరేళ్ళ పిల్ల. తనే పంపిందని ఈ ఇంట్లో ప్రతివాళ్ళూ దానికి చెబుతారు. ప్రేమగానే చెబుతారు. అది ముసలిదయ్యేదాకా మోస్తుంది. మనం చేయలేని పని దాని నెత్తిన పెట్టే హక్కు నీకు లేదు."

"అయితే నువ్వు ఒప్పించు. పొద్దున్నుంచీ ఒప్పిస్తూనే ఉన్నావుగా." అది నా కూతురే. మాట ఎక్కడ గుచ్చుకుంటుందో దానికి నేనే నేర్పాను. "పాప ఇక్కడే పెరగాలమ్మా. చెప్పి ఉంటే బతికేదేమో అని రేపు దానికే తోస్తే? అది బరువు కాదా?"

రెండు వైపులా బరువే అయితే, అది నా మీద పడాలి అనుకున్నాను. పిల్లను అప్పటిదాకా పక్కింట్లో ఉంచాం. మేం మాట్లాడుతుండగానే అది ఆరబోసిన కాఫీ పళ్ళను కాళ్ళతో తొక్కుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. లోపలి అరుపు పక్కింటికి వినపడకుండా ఉంటుందా?

"కాదమ్మమ్మా, నాను సెప్తే గుంట సచ్చిపోద్దా?"

"ఎవరన్నారు?"

"ఎవులూ అన్నేదు. అల్లుడు ఎల్లి సచ్చిపోనాడు కదా." దాని అల్లుడంటే మా వియ్యంకుడు.

పిల్లలకు చెప్పడానికి పెద్దవాళ్ళ దగ్గర తయారుగా ఉండే మాటలు రెండు. ఏం కాదులే అన్నది ఒకటి, నీకెందుకు వెళ్ళి ఆడుకో అన్నది ఒకటి. రెండూ అబద్ధాలే. దేవుడి పేరున చెప్పే అబద్ధాన్ని తిట్టి, పసిపిల్ల ముఖం మీద ఈ అబద్ధం చెబితే నా బతుక్కి అర్థం లేదు. కింద కూర్చున్నాను.

"చచ్చిపోవచ్చు. నాకు తెలీదు. డాక్టరుకు కూడా ఇప్పుడే తెలీదు. ఇక్కడే ఉంటే మాత్రం తప్పకుండా చచ్చిపోతుంది. వెళితే బతకొచ్చు. అందుకని వెళ్ళమని చెప్పమంటున్నాను. చెప్పమన్నది నేను. మీ అమ్మ కాదు, మీ నాన్న కాదు, నేను. రేపు ఎవరైనా నువ్వే పంపావు అంటే, కాదమ్మమ్మ చెప్పమంది అని చెప్పు. అర్థమైందా?"

అది నా ముఖంలోకి చూసింది. "నువ్వు కాదనవా?"

"అనను."

లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది. గొంతులో రోజూ ఉండే పెత్తనం లేదు. "గుంటా. నెగు. జీపెక్కాల," అంది. నెగు అంటే లేవమని.

గోడవైపు తిరిగిన మనిషి కదలలేదు.  పిల్ల ముక్కు మూసుకుని, "కంపు కొడతన్నావే. నెగమన్నానా" అంది.

అప్పుడు ఆవిడ ఇటు తిరిగింది. "ఎల్లమంతావేటమ్మా?"

"ఎల్లు."

"నువ్వూ రా మరి. దారంతా పిలాల. మద్దిలో ఊరుకోకు."

మా అమ్మాయి నా వైపు చూసింది. పిల్ల ఇంట్లో ఉంటుందనీ, జరిగేదేదో దాని కళ్ళ ముందు జరగదనీ నేననుకున్నాను. ఇప్పుడు దాన్ని జీపులో పక్కన కూర్చోబెట్టాలి. కాదనడానికి నోరు తెరిచాను. పిల్ల అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మంచు ఇంకా విడలేదు. డోలీ గెడ్డలోకి దిగినప్పుడు మోసేవాళ్ళ మోకాళ్ళ పైదాకా నీళ్ళు వచ్చాయి. అల్లుడి భుజం మీద కూర్చుని పిల్ల పిలిచింది. "గుంటా, గెడ్డ ఒచ్చినాది." డోలీలోంచి "ఊఁ" అని వినపడింది.

జీపులో వెనక సీట్లో ఆవిడను పడుకోబెట్టాం. తల కొడుకు ఒళ్ళో. కాళ్ళు నా ఒళ్ళో. పిల్ల కింద కూర్చుని ఆవిడ చెంప దగ్గర ముఖం పెట్టింది. ప్రతి మలుపుకూ పిలిచింది. "గుంటా, మిరియాల తోట." "ఊఁ." "గుంటా, సిలువ గుడి." "ఊఁ." "గుంటా, ఇక్కడ మొన్న లారీ పడిపోనాది." "సూసినానమ్మా." మొదట్లో నాకు చిరాకు వేసింది. రెండో ఘాటీ మలుపు దాటాక, నేను కూడా ఆ "ఊఁ" కోసమే చెవులు పెట్టుకుని ఉన్నానని గమనించాను. మనిషి తెలివిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ బండిలో మాకు అంతకంటే సాధనం లేదు.

కింది వ్యూ పాయింటు దగ్గర కార్లు ఆగిపోయి ఉన్నాయి. మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్ళు రోడ్డుకు అడ్డంగా బళ్ళు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. డ్రైవరు హారను మీద చెయ్యి తీయలేదు. ఒకాయన బొంగు చికెన్ ముక్క నములుతూ వచ్చి, "ఏంటి తొందర, అందరం ఆగలేదా" అన్నాడు. నేను దిగాను. ఆయనతో ఏమన్నానో ఇక్కడ రాయను. కారు తీశాడు.

తిరిగి ఎక్కేసరికి పిల్ల గొంతు మారిపోయి ఉంది. "గుంటా. గుంటా. వంతెనొచ్చినాది." జవాబు లేదు. "గుంటా." అల్లుడు తల్లి ముఖం తట్టాడు. నేను ముంజేయి పట్టుకుని నాడి వెతికాను. బండి కుదుపుల్లో నా వేళ్ళ కింద కొట్టుకుంటున్నది ఆవిడ నాడో నాదో తెలియలేదు. పిల్ల నా వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న లేదు. నేను చెప్పమన్న సంగతి మాత్రం ఉంది.

"ఆపకు. పిలువు," అన్నాను. "నేనూ పిలుస్తాను." ఇద్దరం పిలిచాం. అది గుంటా అని, నేను వదినా అని. డ్రైవరు బండిని వంతెన మీద ఎగరేసినట్టే పోనిచ్చాడు. వంతెన దాటాక ఎక్కడో అడుగు నుంచి వచ్చింది ఆ మాట.

"ఏటమ్మా. ఇన్నాను."

ఆసుపత్రిలో ఆ సాయంత్రమే రెండు వేళ్ళూ, పాదంలో కొంతా తీసేశారు. ఇంకొక్క రోజు ఆగితే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడు. ఆ రాత్రి గడిచాక జ్వరం దిగింది.

తెలివి వచ్చాక ఆవిడ కట్టు వైపు చూసుకుని పిల్లను పిలిచింది. "అమ్మా, నా ఏళ్ళేవి?"

నేను ముందుకు వెళ్ళాను. "వదినా, వెళ్ళమని చెప్పమన్నది నేను. తీయమని సంతకం పెట్టించిందీ నేనే. అడిగేదేదో నన్నడుగు."

"నిన్నడగనేదు. మా అమ్మనడిగాను," అంది.

పిల్ల నా వైపు ఒకసారి చూసింది. తరవాత గిన్నెలో జావ కలుపుతూ, "కుల్లిపోనాయి. డాక్టరు బాబు పారేసినాడు. నోరు తెరు," అంది. ఆవిడ నోరు తెరిచింది.

నేను పెట్టుకోవాలనుకున్న బరువు నాకు ఎవరూ ఇవ్వలేదు. పిల్ల కూడా ఇవ్వలేదు. ఆ నమ్మకం మంచి చేసిందని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఆవిడను ఆపిందీ ఆ నమ్మకమే. దాని కొసనే పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఇంకో ఇంట్లో, మాట వినిపించే పిల్ల లేని ఇంట్లో, ఆ మంచం మీదే ప్రాణం పోయేది. గింజలు నాకు గింజలే.

పుండు మానాక ఇంటికి తీసుకొస్తున్నాం. రోడ్డు చివర గెడ్డ కనపడేసరికి ఆవిడ డ్రైవరును ఆపమంది. మేం డోలీ కోసం అనుకున్నాం. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అమ్మా. నీ అల్లుణ్ణి కూడా పిలు. అప్పుడు తెచ్చినప్పుడు ఎవులూ పిలవనేదు."

ముందు సీట్లో ఉన్న అల్లుడు తల దించుకున్నాడు. పిల్ల కిటికీలోంచి తల బయటికి పెట్టబోయి ఆగింది. నా వైపు తిరిగింది. నేనేమంటానోనని అందరూ చూస్తున్నారు, డ్రైవరు కూడా అద్దంలోంచి. ఆవిడ వేళ్ళు పిల్ల మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

నేను నా పక్క తలుపు గొళ్ళెం తీశాను. గాలికి అది తెరుచుకుంది.

ఊరివాళ్ళకు అవతలి గట్టంటే మేమున్న ఈ గట్టే. పిల్ల వచ్చిన రోడ్డు వైపు కేకేసింది. "అల్లుడా. బేగి రా. జీపు ఎల్లిపోద్ది."

కొండ నుంచి చప్పుడు ఏమీ రాలేదు. నీళ్ళ మోతే ఉంది. డ్రైవరు ఎవరినని లేకుండా అడిగాడు, "ఎక్కినాడా? తలుపేసేయొచ్చా?"

 చివరికి పిల్ల నా చీర లాగి, "జరుగు కాదమ్మమ్మా," అంది. జరిగాను.